బండి ఆపకపోవడమే మొదటి పాఠం
కోరిన చోట ఆగొచ్చన్నదే రోడ్డు యాత్రల్లోని సుఖం. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద అది కుదరదు. కొత్తగా వెళ్లేవారు ముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఇంకా చీకటి వీడకముందే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లు బారులు తీరతాయి. బస్సులు, లారీలు, పర్యాటకుల కార్లు అన్నీ ఒకే వరసలో నిలబడాల్సిందే. ప్రయాణికుల పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు రాసిన కాగితం పోలీసుల చేతికిచ్చి ఎదురుచూడాలి. సమయం కాగానే గేటు తెరుచుకుంటుంది. ముందు ఒక ఎస్కార్టు వాహనం, వెనక మరొకటి, మధ్యలో మిగతావన్నీ. తర్వాత దాదాపు 50 కి.మీ. దూరం బండి ఎక్కడా ఆగకూడదు.

చక్రాల మీద ఇల్లు కట్టుకుని తిరిగే కారవాన్ యాత్రల మోజు మన దేశంలోనూ పెరుగుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా కారవాన్ విధానాన్నే ప్రకటించింది. అలాంటి యాత్రల ఊహతో అండమాన్ వచ్చేవారికి ఈ రోడ్డు కాస్త ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇక్కడ వేళలు నిర్ణయించేది ప్రయాణికుడు కాదు. కాన్వాయ్, ఫెర్రీ, సూర్యుడు.

శ్రీ విజయపురం నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా రోడ్డు పొడవు 300 కి.మీ. పైనే. (పోర్ట్‌బ్లెయిర్ పేరును కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఇలా మార్చింది.) ఇప్పుడిది 4వ నెంబరు జాతీయ రహదారి. మన దగ్గర హైదరాబాద్ నుంచి తెల్లవారి బయల్దేరితే ఇంత దూరం మధ్యాహ్నానికల్లా దాటేయొచ్చు. ఇక్కడ రోజంతా పడుతుంది. తొలిసారి వెళ్లేవారు దీన్ని కనీసం రెండు రోజుల ప్రయాణంగా లెక్కవేసుకుని, మధ్యలో రంగత్‌లోనో మాయాబందర్‌లోనో రాత్రి బస ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఎవరి ఇంటి మీదుగా?

జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా రోడ్డు వెళ్లేది జరావాల అడవి గుండా. వేల ఏళ్లుగా వేట, సేకరణ మీద బతుకుతున్న ఈ తెగవారు 2011 జనాభా లెక్కల ప్రకారం 380 మంది. 1970లలో ఊపందుకున్న రోడ్డు పని 1980ల చివరికి పూర్తయింది. తమ అడవిని చీల్చుకుంటూ వస్తున్న రోడ్డును జరావాలు బాణాలతో అడ్డుకున్నారు. 1997 చివర్లో వారు తమంతట తామే అడవి దాటి బయటికి రావడం మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది.

బయటి జబ్బులు ఈ దీవుల్లో ఏం చేయగలవో చరిత్ర ఒకసారి చూపింది. 1858లో బ్రిటిష్‌వారు ఖైదీల స్థావరం పెట్టినప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 నాటికి 19 మంది మిగిలారు. అందుకే ఆగకూడదన్న నిబంధన ట్రాఫిక్ పోలీసుల పట్టింపు మాత్రమే కాదు. కారు అద్దం దించి ఇచ్చే బిస్కెట్ పొట్లం వెంట జలుబు కూడా వెళ్లొచ్చు.

రిజర్వ్‌లోని రోడ్డు భాగాల్ని మూసేయాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా రోడ్డు తెరిచే ఉంది. మధ్య, ఉత్తర అండమాన్‌లలో స్థిరపడిన వేలాది కుటుంబాలకు ఆస్పత్రికైనా, మార్కెట్‌కైనా ఇదే దారి కావడంతో మూసివేత మాట వచ్చినప్పుడల్లా వివాదం రేగుతోంది. 2012 జనవరిలో జరావా స్త్రీల చేత తిండి ఆశ చూపి నాట్యం చేయిస్తున్న దృశ్యాల్ని బ్రిటన్ పత్రిక అబ్జర్వర్ బయటపెట్టడంతో దేశం తల దించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఆదిమ తెగల రక్షణ చట్టాన్ని సవరించి, ఏళ్ల తరబడి జైలు శిక్ష పడేలా కఠినం చేశారు. 2013 ఆరంభంలో సుప్రీంకోర్టు కొన్ని వారాల పాటు పర్యాటకుల్ని ఈ దారిలో అనుమతించనే లేదు.

కాబట్టి కొత్తవారు గుర్తుంచుకోవాల్సిన నియమాలు కొద్దే. గంటకు 40 కి.మీ. వేగం దాటకూడదు. ముందున్న బండిని దాటిపోకూడదు. కెమెరా, సెల్‌ఫోన్ సంచిలోనే ఉండాలి. రోడ్డు పక్క ఎవరైనా కనిపిస్తే చేతులు ఊపడం, తిండి విసరడం, వేగం తగ్గించి చూడడం తప్పు. బాత్రూమ్ పని జిర్కాటాంగ్‌లోనే ముగించుకోవాలి. టైర్లలో గాలి, స్టెప్నీ, రేడియేటర్ నీళ్లు కూడా అక్కడే చూసుకోవాలి. జరావాల్ని చూపిస్తామని ఎవరైనా ఆశపెడితే ఆ బేరం ఒప్పుకోకూడదు. అలాంటి యాత్ర నేరం.

గడియారం కాదు, సూర్యుడు

రెండో పాఠం వెలుతురుది. అండమాన్ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మన కాలమే చూపిస్తుంది. అందువల్ల చలికాలంలో సాయంత్రం 5 దాటగానే పొద్దు గుంకిపోతుంది. మన దగ్గర టీ తాగి షికారుకు బయల్దేరే వేళకు అక్కడ అడవి రోడ్డు చీకట్లో ఉంటుంది. తెల్లవారి 4 గంటలకే లేచి, సాయంత్రం 4 గంటలకల్లా బస చేరేలా ప్రయాణం వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

కాన్వాయ్‌లు రోజులో కొన్ని నిర్ణీత వేళల్లోనే కదులుతాయి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోవాలి. అటునుంచి వచ్చే చివరి కాన్వాయ్ మధ్యాహ్నమే వెళ్లిపోతుంది. బారాతాంగ్‌లో సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూస్తూ ఆ సంగతి మరిచినవారు ఆ రాత్రి బారాతాంగ్‌లోనే గడపాలి. మందులు, ఒక జత బట్టలు, కొంత నగదు బండిలో ఉంచుకోవాలనేది అందుకే.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండిని ఫెర్రీ మీదికి ఎక్కించి బారాతాంగ్ చేరాలి. ఏ బండి ముందు ఎక్కాలో సిబ్బందే చెబుతారు. తొందరపడి ప్రయోజనం లేదు. బారాతాంగ్ దాటాక ఇంకో ఫెర్రీ కూడా ఉండేది. 1.45 కి.మీ. పొడవైన ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు వచ్చాక ఆ బాధ తప్పింది. 2021 అక్టోబర్‌లో ప్రారంభమైన ఈ వంతెన బారాతాంగ్‌ను మధ్య అండమాన్‌తో కలుపుతుంది.

సొంత బండా, అద్దె బండా?

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి దీవులకు ఓడలున్నాయి కదా, కారు కూడా తీసుకెళ్తే పోలా అని చాలామందికి అనిపిస్తుంది. విశాఖ నుంచి ఓడ ప్రయాణమే రెండు రోజులకు పైగా పడుతుంది. ఓడలు కూడా రోజూ ఉండవు. బదిలీ మీద వెళ్లే ఉద్యోగికి సరే గానీ, వారం పది రోజుల సెలవు మీద వచ్చేవారికి అది గిట్టుబాటు కాదు. అక్కడే డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోవడం ఉత్తమం. కాన్వాయ్ కాగితాలు, ఫెర్రీ వరస, గుంతలున్న మలుపులు అతనికి తెలిసినంతగా మ్యాప్‌కు తెలియవు. పైగా రిజర్వ్ అడవిలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. మ్యాప్‌లు ముందే ఫోన్‌లో దించి పెట్టుకోవాలి.

భాష గురించి దిగులక్కర్లేదు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో 13 శాతం మందికి పైగా మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. రేవుల్లోనూ, చేపల బజారులోనూ ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. మిగతా చోట్ల హిందీతో పని జరిగిపోతుంది.

రాత్రికి ఏదో ఒక బీచ్ పక్కన బండి ఆపుకుని పడుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. మడ అడవుల కయ్యల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టినవి కావు. బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకూడదు, ఒడ్డున గుడారం వేయకూడదు. పగడపు ముక్కలు జ్ఞాపకంగా ఏరి తెచ్చుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. నిత్యావసరాలు చాలావరకు ఓడ మీదే రావాలి. వేసవిలో తాగునీటికీ కటకట ఏర్పడుతుంది. పెట్రోలు రాజధానిలోనే నింపుకోవాలి, నీళ్లు పొదుపుగా వాడాలి, చెత్త వెంట తెచ్చుకోవాలి.

ఆపకుండా నడిపించే ఈ రోడ్డే చివరికి ఆగడానికి మంచి చోట్లు చూపుతుంది. రంగత్ దాటాక ధనినల్లా దగ్గర మడ అడవిలో చెక్క నడకదారి ఉంది. డిగ్లీపూర్ చేరితే 732 మీటర్ల సాడిల్ పీక్, చలికాలం రాత్రుల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలీపూర్ తీరం ఉన్నాయి. అక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడొచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో మళ్లీ మిడిల్ స్ట్రెయిట్ రాగానే కెమెరా సంచిలో పెట్టేసి, అద్దాలు ఎక్కించి, ముందున్న బండి వెనకే నెమ్మదిగా కదలాలి. వారి ఇంటి వాకిట్లోంచి వెళ్తున్నామన్నది గుర్తుంటే 40 కి.మీ. వేగం తక్కువనిపించదు.