తీగలకు ధర కట్టిన ప్రోగ్రాము

“చిప్పులను ఇప్పుడు ఏఐ గీసేస్తోందట కదా! మరి ఇన్నాళ్లూ ఎవరు గీశారు?” అని ఒక పాఠకుడు అడిగారు. చాలాకాలంగా గీస్తున్నదీ ప్రోగ్రాములేనండీ! 2021లో గూగుల్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పద్ధతి చిప్పు మీద పెద్ద పెద్ద భాగాలను ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చేది. దానికి వచ్చినంత పేరు సిగ్నళ్లకు తీగల మీద దారులు వెతికే 1995 నాటి పాత్‌ఫైండర్‌కు రాలేదు. నాకైతే మనసంతా పాత్‌ఫైండర్ మీదే.

అది పనిచేసేది ఎఫ్‌పీజీఏల మీద. ఎఫ్‌పీజీఏ అంటే ఫ్యాక్టరీ దాటి వచ్చాక కూడా మనకు కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్పు. 1985లో జైలింక్స్ తెచ్చిన మొదటిదానిలో లాజిక్ బ్లాకులు 64. ఇప్పటి పెద్దవాటిలో లక్షలు. మనం వెరిలాగ్ అనే భాషలో రాసిచ్చిన సర్క్యూట్‌ను సాఫ్ట్‌వేర్ ముక్కలు చేసి బ్లాకుల్లో సర్దుతుంది. ఆ తర్వాత వాటిని కలపాలి. తీగలు ముందే పరిచి ఉంటాయి, కొత్తవి వేయలేం. స్విచ్చులు ఎంచుకుని సిగ్నళ్లను నడపాలి. ఒక తీగ మీద రెండు సిగ్నళ్లు పోకూడదు.

1961లో సి. వై. లీ చూపిన పద్ధతి ఒక్క సిగ్నల్‌కు దారి ఉంటే తప్పక వెతికిపెడుతుంది, అదీ అతి దగ్గరి దారిని. కానీ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతే ముందొచ్చినవి మంచి తీగలు పట్టేసుకుంటాయి, చివరివాటికి దారే మిగలదు. దాంతో చాలామంది వరస మీద పడ్డారు. పొట్టివి ముందా, పొడుగువి ముందా? అడ్డొచ్చినదాన్ని పీకి మళ్లీ వేద్దామా? ఒకదాన్ని పీకితే ఇంకొకటి ఇరుక్కునేది. తీగను ఇద్దరు పంచుకోవడం మొదటి క్షణం నుంచీ నేరమే అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారీ మెక్‌మర్చీ, కార్ల్ ఎబెలింగ్ తమ పాత్‌ఫైండర్‌లో ఆ నేరాన్ని కావాలనే జరగనిచ్చారు. మొదటి విడతలో ప్రతి సిగ్నల్ తనకు నచ్చిన దారే పడుతుంది, ఎన్ని గుద్దుకున్నా సరే. తర్వాత రద్దీ తీగలకు ధర పెంచి, అన్ని సిగ్నళ్లనూ ఒక్కొక్కటిగా పీకి మళ్లీ దారులు వెతకమంటారు. ఇలా విడత మీద విడత.

ధర పెంచడంలోనే ఉంది గడుసుతనం. మూడు సిగ్నళ్లనుకోండి. మూడోదానికి ‘గ’ తీగ ఒక్కటే గతి. రెండోదానికి ‘గ’ చవక, ‘ఖ’ కాస్త ప్రియం. ఒకటోది చవకని ‘ఖ’లో కూర్చుంది గానీ, ‘క’లోకి కూడా పోగలదు. ‘గ’లో రెండూ మూడూ గుద్దుకున్నాయి. ఇప్పటి రద్దీకి మాత్రమే ధర కడితే రెండోది కదలదు: ‘గ’లో ఒకరున్నారు, ‘ఖ’లోనూ ఒకరున్నారు, చవకదే నయం అనుకుంటుంది. ఒకటోదానికి తన తీగ మీద రద్దీయే లేదు, అదెందుకు కదులుతుంది? అందుకని పాత్‌ఫైండర్ ప్రతి తీగకూ చరిత్ర రాసిపెడుతుంది. రద్దీగా గడిచిన ప్రతి విడతకూ ధరలో కొంత శాశ్వతంగా చేరుతుంది. ‘గ’ ధర పెరిగి పెరిగి రెండోది ‘ఖ’లోకి దూకుతుంది. ఇక ‘ఖ’ ధర ఎక్కి, ఒకటోది ‘క’లోకి జరుగుతుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, పైనుంచి పెత్తనం చేసినవాళ్లూ లేరు. అయినా ముగ్గురికీ చోటు దొరికింది!

ఆలస్యాన్ని ఓర్చుకోలేని సిగ్నల్‌కు మరో సదుపాయం ఉంది. అది రద్దీ ధరను పెద్దగా లెక్కచేయదు, వేగమే చూసుకుంటుంది. తీరిక ఉన్నవే చుట్టుదారి పడతాయి.

ఇది ఎప్పుడూ గెలుస్తుందన్న హామీ లేదు. చిప్పు నిండేకొద్దీ గంటలు తినేస్తుంది, చివరికి దారి కుదరలేదనీ చెప్పవచ్చు. అయినా టొరంటో విశ్వవిద్యాలయంలో 1997లో వాన్ బెట్జ్, జొనాథన్ రోజ్ ప్రకటించిన వీపీఆర్ అనే ప్రోగ్రాము నుంచి నేటి దాకా ఈ ఆలోచన నడుస్తూనే ఉంది.

ఇక ఎఫ్‌పీజీఏల ఉపయోగాలంటారా? టెలికాం పరికరాలు, డేటా సెంటర్లు, కొత్త చిప్పుల ముందస్తు పరీక్షలు. ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. నా గొడవ వేరు. ల్యాబుల్లో పిల్లల చేత వెరిలాగ్ రాయించి, బటన్ నొక్కించి, ‘అవుట్‌పుట్ వచ్చిందా’ అని అడిగి పంపేస్తున్నారు. వీపీఆర్ కోడ్ ఉచితం. గుద్దుకుంటున్న తీగల సంఖ్య విడత విడతకూ ఎంతకు దిగిందో అది తెర మీద చెబుతుంది. ఆ అంకెలను ఒక్కసారి చూపిస్తే చాలు, ఈ వ్యాసం చదవాల్సిన పని ఉండదు.