రేడియేటర్‌లో కాఫీ రంగు.. ఇంజిన్ పోయినట్టేనా?

మస్కట్‌లో కొత్తగా కాపురం పెట్టే తెలుగు కుటుంబం ఫ్రిజ్, మంచాల తర్వాత కొనేది పాత కారే. ఇది విలాసం కాదు. 2018 జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోని ఖురియాత్‌లో రాత్రంతా గడిచినా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. పగటి లెక్క కాదండి, రాత్రిది! అలాంటి చోట పిల్లల్ని పక్క వీధి ట్యూషన్‌కు కూడా నడిపించి పంపలేం. అందుకే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పదేళ్ల నాటి బండైనా సరే అనుకుని కొనేస్తాం. అంతవరకూ బాగానే ఉంటుంది. ఓ రోజు బానెట్ ఎత్తితే ఉండకూడని రంగు కనిపిస్తుంది. అక్కడి నుంచే భయం మొదలవుతుంది.

నేను మెకానిక్‌ను కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయితే మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో పని చేశారు. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి వాసన చూడటం చిన్నప్పుడే అలవాటైంది. ఆ పేరు మీద ఇక్కడి మనవాళ్లు బండికి ఏదైనా వస్తే నాకు ఫోన్ చేస్తుంటారు.

గత ఏడాది మా బిల్డింగ్‌లో ఉండే గుంటూరు వైపు చెల్లెలొకరు ఫోన్ చేశారు. ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీలకు ఆ కారే ఆధారం. "అన్నయ్యా, రేడియేటర్ డబ్బాలో కాఫీలాగా ఏదో తేలుతోందండి. గ్యారేజీలో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ మార్చాల్సిందే, 450 రియాళ్లవుతాయి అంటున్నారు" అన్నారు. ఒక రియాల్ అంటే 2.60 డాలర్లు. ఊళ్లో అత్తగారి మందులు, తమ్ముడి కాలేజీ ఫీజు అన్నీ ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయి. 450 రియాళ్లు అప్పు చేయాల్సిన మొత్తం. మర్నాడే అడ్వాన్స్ ఇవ్వమన్నారట. ఒక్క రోజు ఆగమన్నాను.

బండి పూర్తిగా చల్లారాక చూశాం. కూలెంట్ డబ్బాలో పాలు ఎక్కువైన కాఫీ రంగు మీగడ. డిప్‌స్టిక్ తీస్తే మాత్రం ఆయిల్ మామూలుగా నల్లగా, శుభ్రంగా ఉంది. ఒకవైపే కల్తీ జరిగిందంటే కారణం ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ మూడు, నాలుగు బార్ల దాకా ఉంటుంది. కూలెంట్ ప్రెషర్ రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒక బార్ దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పారే చోట సన్నని చిల్లు పడితే ఆయిలే కూలెంట్‌లోకి తోసుకొస్తుంది. చాలా ఇంజిన్లలో ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఆయిల్ కూలర్ అనే చిన్న భాగం ఉంటుంది. అందులో పలుచని గోడకు ఒకవైపు ఆయిల్, రెండో వైపు కూలెంట్ పారుతుంటాయి. నా అనుమానం దాని మీదికే పోయింది.

అనుమానం ఒక్కటే సరిపోదు కదా. వాదీ కబీర్‌లో ఓ మలయాళీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రేడియేటర్ మూత దగ్గర నీలం రంగు ద్రవం ఉన్న గాజు గొట్టం పెట్టి ఇంజిన్ ఆన్ చేశారు. సిలిండర్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. అది నీలంగానే ఉండిపోయింది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దాదాపు సమానంగా వచ్చింది. ఇంతమాత్రాన హెడ్ గ్యాస్కెట్ బాగున్నట్టే అని తేల్చేయలేం. గ్యాస్కెట్‌లో ఆయిల్ దారికీ నీళ్ల దారికీ మధ్య మాత్రమే తెగితే ఈ పరీక్షలకు దొరకదు. అందుకే ఆయన ఆయిల్ కూలర్‌ను విప్పి, దారులు మూసి, గాలి పట్టించి నీళ్లలో ముంచారు. మన ఊళ్లో పంక్చర్ షాపు వాళ్లు ట్యూబును తొట్టిలో ముంచినట్టే. బుడగలు వరుసగా పైకొచ్చాయి.

కొత్త ఆయిల్ కూలర్, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, ఆయిల్ తగిలి ఉబ్బిపోయిన రెండు రబ్బరు గొట్టాలు, క్లీనర్ వేసి నాలుగుసార్లు కడగడం, కొత్త కూలెంట్.. అన్నీ కలిపి 85 రియాళ్లలో పని అయిపోయింది. ఆ చిల్లును అలాగే వదిలేసి ఉంటే కథ వేరేగా ఉండేది. బండి ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నాకు పడిపోతుంది. వేడి మీదున్న కూలెంట్‌లో మాత్రం ప్రెషర్ కాసేపు నిలిచి ఉంటుంది. అప్పుడది ఎదురు దారి పట్టి ఆయిల్‌లో కలుస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగ్‌లను తినేస్తుంది. అప్పుడు గ్యారేజీ వాళ్లు చెప్పిన 450 రియాళ్ల మాటే నిజమయ్యేది.

ఈ రంగుల భాష కొంచెం తెలిసి ఉంటే మంచిది. డిప్‌స్టిక్ మీదే కాఫీ రంగు ఉండి, కూలెంట్ తగ్గుతుంటే విషయం తీవ్రమైనదే. బండి స్టార్ట్ చేయకండి, లారీ మీద పంపండి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొద్దిగా తెల్లటి నురగ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా, కూలెంట్ మట్టం స్థిరంగా ఉంటే కంగారు వద్దు. రోజూ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండ్లలో లోపలి తేమ అలా పేరుకుంటుంది. మస్కట్ తీరంలో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. హైవే మీద అరగంట నడిపి, మూత తుడిచి, వారం తర్వాత మళ్లీ చూడండి. అనుమానం తీరకపోతే వేడి ఇనుప పలక మీద ఒక చుక్క ఆయిల్ వేయించండి. నీళ్లుంటే పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. ఇది గ్యారేజీలో చేయాల్సిన పని, వంటింట్లో వద్దు. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే అది వేరే జబ్బు. ఇంజెక్టర్ కారుతోందేమో చూపించండి.

ఆటోమేటిక్ గేర్ బండ్ల వాళ్లు ఇంకో రంగు గుర్తుపెట్టుకోవాలి. అచ్చం రాజమండ్రి రోజ్ మిల్క్ రంగు. గేర్‌బాక్స్ ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. చాలా బండ్లలో అది చల్లబడేది రేడియేటర్ అడుగున ఉండే చిన్న గది గుండానే. ఆ గది పగిలితే కూలెంట్, గేర్ ఆయిల్ కలిసి గులాబీ రంగు పాలలా తయారవుతాయి. కూలెంట్‌లోని గ్లైకాల్ గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్ల మీది పొరను ఊడగొడుతుంది. ఇక్కడ ఒక్క రోజు ఆలస్యమూ ఖరీదైనదే. వయసు మీరిన రేడియేటర్‌ను పగలకముందే మార్చడం మేలని నా అభిప్రాయం. రేడియేటర్ ధర గేర్‌బాక్స్ ధరలో చిన్న వంతే.

ఒమన్‌లో ఇంకో ముప్పు ఒకటుంది, వాదీలు. వాన పడితే ఎండిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. 2007లో గోను, 2021లో షాహీన్ తుపాన్లప్పుడు కార్లు ఎలా కొట్టుకుపోయాయో ఇక్కడున్న పాతవాళ్లకు గుర్తే. పారుతున్న వాదీని దాటడం ప్రాణానికి ప్రమాదం, చట్టరీత్యా నేరం కూడా. నిలిచిన నీళ్లలో దిగినా చక్రాల ఇరుసు దగ్గరి డిఫరెన్షియల్ ఆయిల్ చూపించుకోండి. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునగగానే గాలి గొట్టం గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. ఆయిల్ మజ్జిగలా కనిపిస్తే వెంటనే మార్చాలి. ఇంజిన్‌లోకే నీళ్లు చేరిన బండిని స్టార్ట్ చేసి చూద్దామనుకోవద్దు. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

"ఇక్కడ మంచు పడదుగా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు" అనే మాట తరచూ వింటాను. ఒప్పుకోను. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఒక బార్ ప్రెషర్‌లో మంచినీళ్లు 120 డిగ్రీల దగ్గర మరిగితే, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన ద్రవం దాదాపు 129 డిగ్రీల దాకా ఆగుతుంది. రంగు చూసి మాత్రం కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీల ఇష్టం. డబ్బా మీద రాసినది మాన్యువల్‌తో సరిపోవాలి. కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకు అందనివ్వద్దు.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఏ ఆయిల్ పోయించాలి? ఎడారి దేశం కాబట్టి 20డబ్ల్యూ-50 పోయమని సలహాలిస్తారు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందు అంకె చలిలో ఇంజిన్ తిరిగే తీరును చెబుతుంది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మస్కట్‌కు అంత చలి రాదు, నిజమే. కానీ రెండో అంకె వాతావరణం గురించి కాదు, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం గురించి. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. బయట 25 డిగ్రీలున్నా 45 ఉన్నా థర్మోస్టాట్ కూలెంట్‌ను 90 దరిదాపుల్లోనే ఉంచుతుంది. కాబట్టి ఎండను చూసి రెండు మెట్లు ఎక్కనవసరం లేదు. పైగా ఇప్పటి ఇంజిన్లలో వాల్వుల టైమింగ్ కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే మారుతుంది. మరీ చిక్కటి ఆయిల్ పోస్తే అది తడబడుతుంది. అన్నట్టు, పాత బండి అమ్మేవాళ్లలో కొందరు ఇంజిన్ చప్పుడు దాచడానికి కూడా చిక్కటి ఆయిల్ పోస్తారు. కొనేముందు ఏం పోశారో అడగండి.

నేను పాటించేది చెబుతాను. మాన్యువల్‌లో ఉష్ణోగ్రత పట్టిక ఉంటుంది, ముందు అదే చూస్తాను. అది 5డబ్ల్యూ-30తో పాటు 40ని కూడా అనుమతిస్తే, ఆయిల్ కొంచెం తాగే పాత ఇంజిన్‌కు 5డబ్ల్యూ-40 లేదా 10డబ్ల్యూ-40 వేయిస్తాను. తాగకపోతే 30 చాలు. డబ్బా మీద ఏపీఐ గుర్తులో ఎస్‌ఎన్ లేదా ఎస్‌పీ ఉండాలి. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొత్తది పాత పెట్రోల్ బండికీ పనికొస్తుంది. ఎస్‌ఎఫ్ అని రాసి ఉన్న చవక డబ్బా జోలికి పోవద్దు. అది 1988 వరకు వచ్చిన ఇంజిన్ల నాటిది. సింథటిక్ పోస్తే పాత సీళ్లు కారతాయన్నది పాత మాట. అప్పటికే ఎండిపోయిన సీలు ఏది పోసినా కారుతుంది.

మార్చే గడువు కిలోమీటర్లతోనే లెక్కపెట్టకండి. ఏసీ వేసుకుని రూవీ ట్రాఫిక్‌లో, స్కూల్ గేటు ముందు నిలబడ్డ గంటలు మీటర్‌లో పడవు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దుమ్ము, వేడి, చిన్న ప్రయాణాలు.. మాన్యువల్‌లో కఠిన వినియోగం అని రాసేది సరిగ్గా మనదే. పాత బండికి నేను 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది పెట్టుకున్నాను. సీలు తెరవని డబ్బా కళ్ల ముందే తెరిపించండి, బిల్లు తీసుకోండి, తేదీ, మీటర్ అంకె రాసిన కాగితం బానెట్ లోపల అంటించండి. సలాలాలో ఖరీఫ్ చూడటానికి వెయ్యి కిలోమీటర్లు బయల్దేరేవాళ్లు ఆ ముందు వారమే, బండి చల్లగా ఉన్న పొద్దుటి పూట, రేడియేటర్ మూత ఒకసారి తీసి చూసుకోండి.