వంద గంటలు పాటలు పెడితే కేబుల్ బాగుపడుతుందా?

మా తరగతి స్నేహితుడొకడు పండుగ డబ్బులు దాచుకుని హెడ్‌ఫోన్‌కు కొత్త కేబుల్ కొన్నాడు. కుడి చెవిలో పాట సన్నగా, మధ్యమధ్యలో గరగరమంటూ వచ్చింది. దుకాణంలో అడిగితే కొత్త కేబుల్‌కు ‘బర్న్-ఇన్’ కావాలని, 100 గంటలు పాటలు పెడితే అదే సర్దుకుంటుందని చెప్పి పంపారట. రోజుకు రెండు గంటల చొప్పున 100 గంటలంటే 50 రోజులు. మార్చి ఇచ్చే గడువేమో 10 రోజులే! గడువు దాటిపోయింది, గరగర మాత్రం పోలేదు. ఆ మాటలో నిజమెంతో చూద్దామని అప్పుడు మేము నలుగురం కూర్చున్నాం.

బర్న్-ఇన్ అనేది ఫ్యాక్టరీ మాట. ఎలక్ట్రానిక్ పరికరాలను బయటికి పంపేముందు కొన్ని గంటలపాటు, తరచు వేడిలో ఉంచి, నడిపి చూస్తారు. లోపమున్నవి చాలావరకు మొదట్లోనే పాడవుతాయి కాబట్టి అక్కడే దొరికిపోతాయి. అంటే అది చెడ్డవాటిని ఏరేసే పని. మంచివాటిని ఇంకా మంచివి చేసే పని కాదు.

స్పీకర్ సంగతి కొంచెం వేరు. అందులో ముందుకీ వెనక్కీ కదిలే కోన్ ఉంటుంది. దాని అంచు, వెనక పట్టి ఉంచే గుడ్డ కొత్త చెప్పుల్లాగే వాడేకొద్దీ కాస్త మెత్తబడతాయి. ఆ తేడాను కొలవవచ్చు కూడా. కానీ కేబుల్‌లో కదిలే భాగమేదీ? ఉన్నది రాగి తీగ, దానిమీద ప్లాస్టిక్ తొడుగు, చివర పిన్ను.

పోనీ, తీగలో ఎలక్ట్రాన్లు కదులుతాయి కదా అన్నాడు మాలో ఒకడు. పన్నెండో తరగతి ఫిజిక్స్‌లో వచ్చే డ్రిఫ్ట్ వెలాసిటీ లెక్క వేశాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ కరెంటు పోతుంటే ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు జరుగుతాయి. చీమ నయం! పైగా పాట సిగ్నల్ ఒకే దిక్కుకు పోదు. 1000 హెర్ట్జ్ స్వరమైతే సెకనుకు 2000 సార్లు దిక్కు మారుతుంది. అంత సేపట్లో ఎలక్ట్రాను మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా జరగకుండానే వెనక్కి తిరుగుతుంది. రాగి లోపలి అమరిక మారాలంటే వందల డిగ్రీల వేడి కావాలి. పాటలకు ఆ తీగ చేతికి వెచ్చగా కూడా తగలదు.

అయినా కాస్త మారిందనే అనుకుందాం. పైన చెప్పిన తీగతోనే 2 మీటర్ల స్పీకర్ వైరు తీసుకుంటే, రానూ పోనూ కలిపి నిరోధం సుమారు 0.07 ఓమ్. అది 1 శాతం మారినా, 8 ఓమ్‌ల స్పీకర్‌లో శబ్దం తేడా డెసిబెల్‌లో వెయ్యో వంతు లోపే. మన చెవి సుమారు ఒక డెసిబెల్ తేడాను గుర్తుపడుతుంది.

మరి బాగుపడిందని అంతమంది ఎందుకంటారు? అబద్ధమాడుతున్నారని మేము అనుకోవడం లేదు. నాన్నగారికి బదిలీ అయి రైలు పట్టాల పక్క క్వార్టర్సుకు వెళ్లిన మొదటి వారం ఎవరికీ నిద్ర పట్టదు. నెల తిరిగేసరికి రాత్రి బండి ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. బండి చప్పుడు తగ్గలేదు, మనకే అలవాటైంది. కొత్త హెడ్‌ఫోన్ విషయంలోనూ అంతే. దానికి తోడు, ధ్వనిలోని సూక్ష్మమైన తేడాలు మన జ్ఞాపకంలో కొన్ని సెకన్లకు మించి నిలవవు. నెల కిందటి ధ్వనితో ఇవాళ్టిది పోల్చడమంటే ఊహతో పోల్చడమే.

తేల్చుకోవాలంటే ఒకే రకం కేబుళ్లు రెండు కావాలి, ఒకటి 100 గంటలు వాడినది, ఇంకొకటి కొత్తది. వినేవారికి కనపడకుండా, నాణెం ఎగరేసి బొమ్మా బొరుసును బట్టి ఒకదాన్ని తగిలించాలి. వాల్యూం ముట్టుకోకూడదు. ఇలా 16 సార్లు చేసి, వింటున్నది ఏదో చెప్పమనాలి. వట్టి ఊహతో 8 దాకా సరిపోతాయి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోవడం అదృష్టంకొద్దీ 100కి 4 సార్లలోపే జరుగుతుంది. సైన్స్ ఎగ్జిబిషన్‌లో దీన్నే పెట్టాలని ఉంది, రెండో కేబుల్‌కు డబ్బులు కుదిరితే.

ఈలోగా మా స్నేహితుడి కేబుల్‌ను ల్యాబ్‌లో మల్టీమీటర్‌కు తగిలించాం. పిన్ను కదిపినప్పుడల్లా బీప్ ఆగిపోయింది. మూత విప్పితే కుడివైపు తీగ టంకం ఊడి, ఊరికే ఆనుకుని ఉంది. సారు పది నిమిషాల్లో మళ్లీ అతికించారు. రెండో రోజు కొన్నప్పుడే ఈ పని చేసి ఉంటే కేబుల్ మార్చి ఇచ్చేవారు కదా అని వాడు ఇప్పటికీ అంటుంటాడు.