మోర్తాడ్, మెట్‌పల్లి: దారి చెప్పే గొంతుకు మన ఊళ్ల పేర్లు వచ్చా?

మార్చి నెలలో ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పసుపు వాసనే. ఉడకబెట్టిన కొమ్ములు కళ్ళాల మీద ఆరుతుంటాయి, బస్తాలెత్తిన డీసీఎం వ్యాన్లు నిజామాబాద్ మార్కెట్ యార్డు దారి పడుతుంటాయి. అలాంటి ఒక పొద్దున మా బావా నేనూ కమ్మర్‌పల్లి అవతల పొలాల్లో ఉన్న ఒక కళ్ళానికి బయల్దేరాం. బావది పసుపు వ్యాపారం. సరుకు యార్డుకు రాకముందే ఒకసారి చేత్తో విరిచి చూసుకోవడం ఆయన అలవాటు. కళ్ళం ఆసామి ఫోన్‌లో లొకేషన్ పంపించాడు.

బావ కారులో ఆండ్రాయిడ్ స్టీరియో ఉంది. కారు డెకార్ దుకాణంలో బిగించింది, చైనాలో తయారైంది. ముందు రోజే కారుకు కొత్త బ్యాటరీ వేయించాడు. పాతది ఊడదీసినప్పుడు కరెంటు తెగి, ఆ స్టీరియో పెట్టిన సెట్టింగులన్నీ మరిచిపోయింది. తెర వెలగగానే అన్నీ చైనా అక్షరాలే. బొమ్మలు చూసి నొక్కుకుంటూ ఎలాగో గమ్యం పెట్టాం. మోర్తాడ్ దాటి కొంత దూరం పోయాక ఒక ఆడగొంతు "యో జువాన్" అంది. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకునేలోపే తిరగాల్సిన మలుపు వెనకబడింది. కుడికి తిరగమని మాండరిన్‌లో చెప్పిందని తర్వాత తెలిసింది.

బండి ఆపి ఆ తెర వైపు చాలాసేపు చూశాను. రాతలో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నీలం బాణం గుర్తు మాత్రం మేం ఆగిన చోటే ఉంది. రోడ్డు వంపు సరిగ్గా ఉంది, పక్కన చెరువు కూడా ఉంది. మేం ఎక్కడున్నామో ఆ పెట్టెకు బాగా తెలుసు. తెలిసింది మాకు చెప్పడమే దానికి చేతకాలేదు. దారి చూపే పరికరం కొనేవాళ్లు ముందుగా గ్రహించాల్సింది ఈ తేడానే. చోటు కనిపెట్టడం ఒక విద్య. దాన్ని మన భాషలో చెప్పడం పూర్తిగా ఇంకో విద్య. మొదటిది చూసి రెండోది కూడా వస్తుందనుకుని డబ్బు కట్టేస్తాం.

మొదటి విద్య సంగతి. ఆకాశంలోని ఉపగ్రహాలు మనల్ని చూస్తున్నాయని చాలామంది అనుకుంటారు. అవి మనల్ని చూడవు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ రెండే సంగతులు చెబుతుంటాయి: "నేను ఇక్కడున్నాను, ఇప్పుడు సమయం ఇంత." ఆ సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చినా, కిందికి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో చూసి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో మన పెట్టె లెక్క కడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల దూరాలు దొరికితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సరైన సమయం నాలుగూ తేలతాయి. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెప్పినట్టే ఉపగ్రహాల మీది గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడా దిద్దకుండా వదిలేస్తే ఒక్క రోజులో దూరాల లెక్క 11 కిలోమీటర్ల దాకా తప్పుతుంది. మోర్తాడ్ దారిలో నిలబడి ఐన్‌స్టీన్ చేత లెక్క సరిచేయించుకుంటున్నామని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మన దేశానికీ ఇలాంటి వ్యవస్థ ఉంది, దాని పేరు నావిక్. మొదటి ఉపగ్రహం 2013 జులై 1న, ఏడోది 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచే ఎగిరాయి. కొన్నిటిలో విదేశీ అణు గడియారాలు పాడవడంతో, స్వదేశంలో తయారైన గడియారంతో ఎన్‌వీఎస్-01ను 2023 మే 29న పంపారు. చైనా తన బెయ్‌డౌ వ్యవస్థను 2020లో పూర్తి చేసింది. ఇప్పటి ఫోన్లలో చాలావరకు వీటిలో రెండు మూడింటి సంకేతాలు కలిపి వింటాయి. అన్నిటి లెక్కా అంకెల్లోనే. ఆర్మూర్ అంటే వాటికి 18.79 ఉత్తరం, 78.29 తూర్పు. ఆ అంకెలకు తెలుగూ లేదు, మాండరిన్ కూడా లేదు.

భాష గొడవ ఆ అంకెలు ఊరి పేరుగా మారే దగ్గర మొదలవుతుంది.

దుకాణంలో "ఇందులో తెలుగు ఉందా" అని అడిగితే "ఉంది సార్" అంటారు. ఏది ఉంది అన్నది అడగాలి. తెర మీది రాత తెలుగులో ఉండొచ్చు, గొంతు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు. గొంతు తెలుగైనా మ్యాపు మీది ఊళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండొచ్చు. అవన్నీ తెలుగైనా, మనం నోటితో "వేల్పూర్" అంటే దానికి అర్థం కాకపోవచ్చు. మాండరిన్ కావాలనుకునేవాళ్లకూ ఇదే తిప్పలు, పైగా ఇంకో రెండున్నాయి. చైనాలో, సింగపూర్‌లో సరళం చేసిన అక్షరాలు వాడతారు. తైవాన్‌లో, హాంకాంగ్‌లో పాత అక్షరాలే వాడతారు. హాంకాంగ్ వీధుల్లో వినబడేది మాండరిన్ కాదు, కాంటనీస్. డబ్బా మీద "చైనీస్" అని ఒక్క మాట రాసి ఉంటే అందులో ఏ అక్షరాలున్నాయో, ఏ గొంతు ఉందో తెలియదు.

తెర మీది రాతనే తీసుకోండి. చైనా లిపికీ మన లిపికీ కష్టాలు సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. యూనికోడ్‌లో చైనా అక్షరాలకు తొలి విడతలోనే 20,902 గళ్లు కేటాయించారు. తెలుగుకున్న జాగా 128 గళ్లే. అంటే మాండరిన్ చూపించే పెట్టెలో వేల అక్షరాల బొమ్మలు దాచుకోవడానికి చోటు కావాలి. కానీ ఒక్కో అక్షరం ఒక్కో గడిలో బుద్ధిగా కూర్చుంటుంది. మనకు దాచుకోవాల్సింది తక్కువ, పేర్చడం కష్టం. "ఆర్మూర్" అన్న మాట లోపల ఏడు ముక్కలు: ఆ, ర, పొల్లు, మ, ఊ గుర్తు, మళ్లీ ర, మళ్లీ పొల్లు. ఆ ఏడింటినీ మూడు అక్షరాలుగా కూర్చి, ర కింద మ వత్తు తగిలించి, దీర్ఘం పక్కన పెట్టే ప్రోగ్రాం పెట్టెలో ఉండాలి. లేకపోతే వత్తులు ఊడిపోయి ముక్కలు ముక్కలుగా కనబడతాయి. అందుకే తెలుగు తెర నమ్మదగిందో లేదో చూడాలంటే సెట్టింగుల్లో "తెలుగు" అన్న మాట కనబడితే సరిపోదు. వత్తులున్న ఊరి పేరు ఒకటి వెతికి చూడాలి.

ఇక గొంతు. పాత పరికరాల్లో మనిషి చేత "కుడికి", "ఎడమకు", "వంద", "మీటర్లు" లాంటి మాటలు చెప్పించి రికార్డు చేసి, అవసరమైనప్పుడు అతికించి వినిపించేవారు. అలా అతికించిన గొంతు ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు పలకలేదు. రాతను చూసి అప్పటికప్పుడు శబ్దం పుట్టించే గొంతు ఉంటేనే పేర్లు వినబడతాయి. మాండరిన్‌లో ఈ పని అంత తేలిక కాదు. ఒకే అక్షరాన్ని బ్యాంకు అనే మాటలో "హాంగ్" అనీ, పాదచారి అనే మాటలో "షింగ్" అనీ చదవాలి. రోడ్డు మీద ఆ రెండు మాటలూ వస్తాయి. స్వరం తప్పినా అర్థం తప్పుతుంది. "మాయ్" అనే మాటను గొంతు కిందికి దించి మళ్లీ లేపి అంటే కొనడం, పైనుంచి కిందికి ఒక్కసారిగా జార్చి అంటే అమ్మడం. పసుపు యార్డులో ఆ తేడా ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

మనకు ఆ బాధ లేదు. తెలుగు రాసినట్టే చదువుతాం. మరి మన పేర్లు పెట్టె నోట్లో ఎందుకు నలుగుతాయి? ఎందుకంటే మన ఊళ్ల పేర్లు మ్యాపుల్లోకి ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కాయి. యంత్రం వాటిని మళ్లీ తెలుగులోకి తిప్పుకోవాలి. ఆ తిప్పుడులోనే గందరగోళమంతా.

ఆర్మూర్ నుంచి జగిత్యాల వైపు 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి వరసగా వస్తాయి. మోర్తాడ్‌లోనూ మెట్‌పల్లిలోనూ ఇంగ్లిష్‌లో రాసేది ఒకే "టీ" అక్షరం. మొదటి ఊళ్లో అది "త", రెండో ఊళ్లో "ట". పుట్టి పెరిగినవాడు ఆలోచించకుండా పలుకుతాడు. యంత్రానికి మాత్రం ఆ రెండు స్పెల్లింగుల్లో ఏ ఆధారమూ లేదు. మోర్తాడ్ చివరి "డీ"ని "ద" అనుకున్నా తప్పు పట్టలేం. వేల్పూర్‌లో "వే" దీర్ఘమని, బాల్కొండలో "బా" దీర్ఘమని ఇంగ్లిష్ రాత చెప్పదు. ఆర్మూర్‌నే రెండు రకాల స్పెల్లింగులతో రాస్తారు కాబట్టి వెతికేటప్పుడు ఒకటి దొరికి ఇంకొకటి దొరకని సందర్భాలుంటాయి. ఇలాంటి చిక్కు మీద పెద్ద సంస్థలు పనిచేస్తున్నాయి. గూగుల్ మ్యాప్స్ 2021 జనవరిలో తెలుగుతో కలిపి పది భారతీయ భాషల్లో స్థలాల పేర్లు తనంతట తాను తిప్పి రాయడం మొదలుపెట్టింది. వేల పేర్లు చూసి నేర్చుకున్న యంత్రం ఊహించి రాస్తుంది. నగరాల్లోని ఆసుపత్రి, హోటల్, స్కూల్ లాంటి మాటలకు ఆ ఊహ బాగా కుదురుతుంది. చిన్న ఊరి పేరు దాకా వచ్చేసరికి ఆ ఊరివాళ్లే చెప్పాలి. తప్పు కనబడితే మ్యాపులోనే దిద్దుబాటు పంపే వీలుంది. ఒక్కరు దిద్దితే ఆ దారిన పోయే అందరికీ పనికొస్తుంది.

గొంతు గురించి ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. మాండరిన్‌లో "కుడికి తిరుగు" అనడానికి రెండు అక్షరాల మాట చాలు. తెలుగులో "కుడివైపుకు తిరగండి" అంటే తొమ్మిది అక్షరాలు. దాని ముందు దూరం, వెనక రోడ్డు పేరు చేరిస్తే వాక్యం నాలుగు సెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే మాట ముగిసేసరికి బండి దాదాపు 90 మీటర్లు ముందుకు పోతుంది. అందుకే మంచి పరికరం వేగాన్ని బట్టి ముందుగానే మాట అందుకుంటుంది. మన డ్రైవర్ నోట వచ్చేది "రైట్ కొట్టు" అన్న మాట. దారి చెప్పే తెలుగు పుస్తకాల తెలుగులా కాకుండా ఇంత పొట్టిగా ఉంటే మేలని నా గట్టి అభిప్రాయం.

మన నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయిన డ్రైవర్లకు ఇది రోజువారీ సంగతి. దుబాయ్‌లో బోర్డులు అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో ఉంటాయి. చెవిలో తెలుగు వినబడితే మనసు నిమ్మళంగా ఉంటుంది. కానీ తెర మీద పేరు కూడా తెలుగైతే దాన్ని బోర్డుతో పోల్చుకోవడం ఎట్లా? అక్కడ గొంతు తెలుగు, రాత ఇంగ్లిష్ అయితేనే పని జరుగుతుంది. పసుపుకు మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయే రైతులు కూడా మరాఠీ బోర్డుల మధ్య ఇలాంటి చిక్కులోనే పడతారు. అందుకే గొంతు భాషను, తెర భాషను వేర్వేరుగా మార్చుకునే వీలున్నదాన్ని కొనండి. రెండూ ఒక్క మీటకు ముడిపడి ఉంటే అది సగం పరికరమే.

చైనాకు చదువుకు పోయే మనవాళ్లు ఇక్కడి పెట్టె తీసుకుపోతే ఇంకో విచిత్రం ఎదురవుతుంది. అక్కడి ప్రభుత్వ నిబంధన ప్రకారం మ్యాపుల్లో చోట్లను కావాలని కొంచెం పక్కకు జరిపి అచ్చు వేస్తారు. ఆ జరుపుడు లెక్క తెలియని పెట్టెలో మనిషి రోడ్డు మీద నడుస్తున్నా గుర్తు కొన్ని వందల మీటర్ల అవతల కనబడుతుంది. మాండరిన్ ఎంత చక్కగా మాట్లాడినా ఆ తేడా దిద్దదు. భాష ఉందా అని అడిగినట్టే, ఏ దేశం మ్యాపు ఉందో కూడా అడగాలి.

పేరే లేని చోట్ల సంగతేమిటి? కళ్ళానికి ఇంటి నంబరుండదు, వీధి ఉండదు. ఇక్కడ దారి చెప్పేవాళ్లు "సిద్ధుల గుట్ట కాడ ఎడమకు తిరిగి, మర్రిచెట్టు దాటినంక" అంటారు. 2025 మేలో తపాలా శాఖ ప్రకటించిన డిజిపిన్ అనే చిరునామా పద్ధతి ఇలాంటి చోట్లకే. ఐఐటీ హైదరాబాద్‌తో, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి దీన్ని రూపొందించారు. దేశం మొత్తాన్ని 16 గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని మళ్లీ 16గా, ఇలా పది సార్లు చేస్తే చివరికి దాదాపు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పున్న ముక్క మిగులుతుంది. ఒక్కో విడతకు ఒక్కో గుర్తు, మొత్తం పది. కళ్ళంలో పసుపు ఆరబోసిన పరదా అంత చోటు. దుబాయ్‌లో కూడా భవనాలకు పది అంకెల మకానీ నంబరు ఉంటుంది. "త"నా "ట"నా అన్న పేచీ వీటికి లేదు. అయినా పొద్దున్నే ఫోన్ చేసి "ఎక్కడున్నారే" అని అడిగితే, ఏ ఆసామీ పది గుర్తులు చదవడు. ఊరి పేరు చెబుతాడు.

ఆ రోజు బావ బండిని రోడ్డు పక్కన ఆపి, సెట్టింగుల్లో భూగోళం బొమ్మ వెతికి పట్టుకున్నాడు. చాలా పరికరాల్లో భాష మార్చే చోటికి ఆ బొమ్మో, ఇంగ్లిష్ "ఏ" పక్కన చైనా అక్షరం ఉన్న గుర్తో ఉంటుంది. అది గుర్తుంచుకుంటే ఏ భాషలో చిక్కుకున్నా బయటపడొచ్చు. జాబితా కిందికంటా జరిపితే "తెలుగు" దొరికింది. రాత మారింది గానీ గొంతు మారలేదు. తెలుగు గొంతును విడిగా దించుకోవాలని అప్పుడు తెలిసింది. నా ఫోన్ హాట్‌స్పాట్ మీద అది దిగేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. నెట్ లేని చోట ఇదే జరిగి ఉంటే మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవాళ్లం. మ్యాపుతో పాటు గొంతును కూడా ఇంట్లోనే దించుకోవాలని బావ అక్కడికక్కడే ఫోన్‌లో రాసి పెట్టుకున్నాడు.

కళ్ళం దగ్గర పసుపు చూసి తిరిగి వచ్చేటప్పుడు బావ కావాలనే మొదట మెట్‌పల్లికి దారి పెట్టాడు. గొంతు "మెట్‌పల్లి" అని తప్పు లేకుండా పలికింది. తర్వాత మోర్తాడ్ పెట్టాడు. "మోర్టాడ్" అంది. బావ తల అడ్డంగా ఊపి, "త, త" అని దానికే చెబుతున్నట్టు రెండుసార్లు అని, ఆ పేరు మీద వేలు నొక్కిపెట్టి దిద్దుబాటు పంపే చోటు వెతకడం మొదలుపెట్టాడు.