చెప్పులోని రాయి

కొంతకాలము క్రిందట మా ప్రక్కయింట నొక క్రైస్తవ కుటుంబము కాపురముండెను. ఆ యింటి కోడలు రాత్రి పనులన్నియు తీరిన పిమ్మట మోకరించి ప్రార్థన చేసికొనెడిది. మొదట నందఱును ఆమె భక్తిని మెచ్చుకొనిరి. కొన్ని మాసములు గడచునప్పటికి ఆ ప్రార్థన గంటకు, రెండు గంటలకు పెరిగినది. నడుమ మనస్సు చెదరినట్లు తోచిన తిరిగి మొదటినుండి యారంభించెడిది. ప్రభువును దూషించు మాట యేదో తలపునకు వచ్చినదని గడగడ వణకెడిది. "అత్తయ్యా, దేవుడు నన్ను క్షమించినట్లేనంటారా?" అని పదిమార్లడుగును. "క్షమించాడమ్మా, పడుకో" అని అత్తగారనును. అరగంటకు మరల నదే ప్రశ్న. చంటిబిడ్డ గుక్కపట్టి యేడ్చుచున్నను ఆమె మోకాళ్లపైనుండి లేవలేని స్థితి వచ్చినప్పుడుగాని ఇది వట్టి భక్తి కాదని యింటివారికి తోచలేదు.

ఇట్టిది క్రైస్తవుల యిండ్ల మాత్రమే యుండునని పాఠకురాండ్రు తలంపవలదు. కడిగిన గిన్నెనే పదిమార్లు కడిగి, ఆరవేసిన మడిచీరకు గాలి తగిలినను మైలపడెనేమో యని మరల తడుపు స్త్రీలను మన మెఱుగమా? చాదస్తమని నవ్వి యూరకుందుము. లోపల వారెంత కుములుచుందురో నవ్వువారికి తెలియదు.

ఈ బాధకు క్రైస్తవ గురువు లేనాడో పేరు పెట్టిరి. లాటిను భాషలో 'స్క్రూపులుస్' అనగా వాడిగల చిన్న రాయి. చెప్పులో దూరిన రాయి కొండంత యుండనక్కఱలేదు. నడక నాపుటకు ఆవగింజంత చాలును. పాపము కానిదానిని పాపమని, తీరిన పాపమును తీరలేదని మనస్సు గ్రుచ్చుచుండుటయే ఈ రాయి.

దీనిని పూర్తిగా అనుభవించి చెప్పినవాడు ఇగ్నేషియస్ లొయోలా. విజయవాడలో 1953లో స్థాపింపబడిన ఆంధ్ర లొయోలా కళాశాల వలన ఆ పేరు మనవారికి క్రొత్త కాదు. ఆయన స్పెయిను దేశపు యోధుడు. 1521లో పాంప్లోనా కోటయొద్ద ఫిరంగి గుండు తగిలి కాలు విఱిగి మంచము పట్టెను. ఆ మంచము మీదనే క్రీస్తు చరితమును, భక్తుల చరితములను చదివి మనస్సు మార్చుకొనెను. మఱుసటి యేట మొన్‌సెరాట్ మఠమున మూడు దినములు తన పాపములన్నియు వ్రాసి గురువుతో చెప్పుకొనెను. అంతటితో శాంతి కలుగవలసినది. కలుగలేదు. మన్రేసా పట్టణమున నున్నప్పుడు, ఏదో చెప్పక విడిచితినేమో యన్న సందేహము పట్టుకొనెను. మరల చెప్పుకొనెను; మరల సందేహము. విసిగిన గురువు "మిక్కిలి స్పష్టమైనది యుండిననే చెప్పుము" అని యాజ్ఞాపించెను. ఆయనకు సమస్తమును స్పష్టముగానే కనబడెను! ఇక ఆ యాజ్ఞ యేమి పనిచేయును? ప్రాణము తీసికొనవలెనన్న తలంపు కూడ కలిగెను. వారము దినములు పచ్చి యుపవాసముండెను, గురువు మాన్పించెను. రెండు దినములు నెమ్మది, మూడవనాడు మరల మొదలు. తుదకు ఆయనయే ఒక నిశ్చయమునకు వచ్చెను: గడచిన పాపముల నికమీద నెన్నడును ఒప్పుకొనగూడదు. అంతట రాయి జారిపోయెను.

చేయవలసిన పని యింకొకటి మిగిలియున్నదని మనస్సు గోలపెట్టుచుండగా దానిని చేయకుండుటయే ఆయన ఔషధము. 1548లో పోపు ఆమోదము పొందిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' అను గ్రంథమున ఈ బాధకు ప్రత్యేకముగ సూచనలున్నవి. సున్నితమైన మనస్సును శత్రువు మఱింత సున్నితము చేసి చెఱుపజూచును, కావున దానికి ఎదురు దిక్కున నడువవలెనని ఆయన ఉపదేశము.

ఫ్రాన్సు దేశములో 1873లో జన్మించిన తెరేసా నెఱుగని క్రైస్తవ స్త్రీ యరుదు. నాలుగేండ్లకే తల్లి పోయినది. తల్లివలె చూచిన అక్క పౌలీను 1882లో కన్యకల మఠమున చేరినది. పండ్రెండేండ్ల ప్రాయమున, 1885లో, ఈ బాధ యామెను పట్టినది. మిక్కిలి సామాన్యమైన తలపులు సైత మామెకు కలతగా పరిణమించెడివి. అన్నియు పెద్దక్క మరీతో చెప్పుకొనిన కొంచెము తేరుకొనును; వెంటనే మఱియొకటి. గురువునొద్ద ఏయే పాపములు చెప్పవలెనో మరీయే నిర్ణయించెడిది. ఆ యక్క ప్రేమను మేము శంకింపము. అయినను ఆ యూరడింపు ఊతకఱ్ఱ వంటిదేగాని నడక కాదని మా యభిప్రాయము. 1886లో మరీయు మఠమున చేరబోవునప్పటికి ఆ కఱ్ఱ లేకుండ పోయినది. అప్పుడు తెరేసా పసితనముననే గతించిన తన నలుగురు తోబుట్టువులను తలచుకొని ప్రార్థింపగా శాంతి కలిగినదని స్వయముగా వ్రాసికొన్నది.

ఇక మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల మాట. 1966లో లండను నగరమున విక్టర్ మేయర్ ఇట్టి పీడగల యిద్దఱు రోగులకు చేసిన చికిత్సను ప్రకటించెను. భయము పుట్టించు దాని నెదుర్కొననిచ్చి, ఆ భయము తీరుటకై చేయు తంతును మాత్రము చేయనీయకుండుట ఆ చికిత్స. తంతు జరుగకున్నను భయము తనంతట తానే దిగిపోవునని మనస్సు నేర్చుకొనును. ఊరడింపు కోరి పలుమార్లడుగుటయు తంతులోనిదే యని నేటి వైద్యుల మతము. "క్షమించాడమ్మా" అన్న అత్తగారి దయగల మాటయే నిప్పులో నెయ్యి యగుచుండెను. 1978లో రాక్‌మన్, శ్రీలంకకు చెందిన పద్మల్ డి సిల్వా అనువారు ఆరోగ్యవంతులకును ఇట్టి పాడు తలపులు వచ్చునని చూపిరి. వారు వానిని పట్టించుకొనరు, రోగి పట్టించుకొనును.

ఇగ్నేషియస్ దీనిని శత్రువు పన్నాగమనెను, వైద్యులు వ్యాధి యనుచున్నారు. ఆ వాదము పండితులు తేల్చుకొందురు గాక. పీడితురాలిని మరల మరల ఉపవాసములకు, ఒప్పుకోళ్లకు పురికొల్పు గురువు మాత్రము ఇరువుర మాటయు విననివాడే. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఆస్పత్రిలో ఈ వ్యాధికి ప్రత్యేక చికిత్స కలదు. వెళ్లలేనివారు 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును, రుసుము లేదు.

మా పొరుగింటి కోడలిని మానసిక వైద్యునికి చూపిరి. మందుతో పాటు ఆయన విధించిన నియమములు రెండు: ప్రార్థన పది నిమిషములు, ఒక్కమారే, అత్తగారు జవాబు చెప్పరాదు. రెండవది అత్తగారికే కష్టమైనది. "ఆ సంగతి నేను చెప్పనమ్మా, నీ ప్రక్కనే కూర్చుంటాను" అని చెప్పి, మొదటి రాత్రులలో కోడలితో పాటు తానును కన్నీరు పెట్టుకొనెడిది. రెండు మాసములైన పిమ్మట మేమొకనాటి రాత్రి వారింటికి పోయితిమి. కోడలు గోడకానుకొని బిడ్డకు పాలిచ్చుచుండెను. అత్తగారు గుఱ్ఱుపెట్టి నిద్రించుచుండిరి.