నల్లబడ్డ రూపాయి, అచ్చు తప్పిన రూపాయి



దసరా సెలవుల్లో మా అవ్వ తన మెడలోని వెండి రూపాయల దండ అమ్ముదామని సంతకు తెచ్చింది. ఒక వ్యాపారి చూసి, "ఇవి నల్లగున్నాయి, టంకశాలలోనే చెడిపోయినవి, సగం ధరే వస్తది" అన్నాడు. అవ్వ ఇచ్చేయబోయింది. నాయన వద్దన్నాడు. ఆ నలుపు ఏమిటో మా సైన్సు సారును అడిగి తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

నలుపు ఎలా వస్తుంది?
గాలిలో, పొగలో గంధకం కలిసిన వాయువులుంటాయి. అవి తగిలి వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉంటే పసుపు, ఎరుపు, నీలం రంగులు కనబడతాయి. మందమైతే నలుపే. రాగి నాణెమైతే గోధుమరంగుకు మారుతుంది, తడి తగిలితే పచ్చని చిలుము పడుతుంది. ఇదంతా కాలం చేసే పని.

అచ్చు తప్పు అంటే?
టంకశాలలో లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమ పెట్టి గట్టిగా నొక్కుతారు. బిళ్ళ జరిగితే బొమ్మ పక్కకు పోతుంది. రెండుసార్లు నొక్కుకుంటే అక్షరాలు రెండేసి పడతాయి. అచ్చు పగిలితే నాణెం మీద సన్నని గీత ఉబ్బుగా లేస్తుంది.

తేడా కనుక్కోవడం
1. రంగు పైపైనే ఉంటుంది, తప్పు లోహంలోనే ఉంటుంది. భూతద్దంతో చూడండి. నలుపు కింద బొమ్మ, అక్షరాలు సరిగ్గా ఉంటే తప్పు లేనట్టే.
2. గీత ఉబ్బుగా ఉంటే అచ్చు పగులు. గుంటగా ఉంటే చాలావరకు తరువాత పడ్డ గీత.
3. వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది, నల్లబడితే తగ్గదు.

రంగులు తేలిన నాణెం చూపించి "అచ్చు తప్పింది, వేలు పలుకుతుంది" అన్నా నమ్మకండి. చింతపండు, బూడిద పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

ధరకు చూడాల్సింది సంవత్సరం. 1939 దాకా రూపాయిలో నూటికి 92 వంతుల వరకు వెండి ఉండేది. 1940 నుండి 1945 దాకా సగమే. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండి అంటుకోదు.

సంక్రాంతికి భూతద్దం పట్టుకుపోయి దండంతా చూశాను. పది రూపాయల్లో అచ్చు తప్పింది ఒక్కటీ లేదు. 1944 నాటి సగం వెండిది మాత్రం ఒకటుంది. అంటే సగం ధర ఆ ఒక్కదానికే!

రూపాయి మీది సంవత్సరం అవ్వకు చదవరాదు. మనకు వచ్చు కదా. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ పెద్దవాళ్లకు చదివి చెప్పండి.

ఇట్లు,
మీ 9వ తరగతి మిత్రుడు