చూపు లేదన్నారు... కోర్టుకెళ్లి గెలిచాడు!

పెనుమూడి దగ్గరకొచ్చేసరికి కృష్ణమ్మ సముద్రాన్ని వెతుక్కుంటూ బాగా వెడల్పవుతుంది. ఒకప్పుడు ఇక్కణ్నుంచి అవతలి దివిసీమకు వెళ్లాలంటే పడవ ఎక్కాల్సిందే. ఇప్పుడు వంతెన ఉంది. రేపల్లెలో బస్సెక్కి పెనుమూడి దాటితే అటు పులిగడ్డ, అవనిగడ్డ, ఆ పైన బందరు. నదికి ఇవతల పాత గుంటూరు జిల్లా, అవతల పాత కృష్ణా జిల్లా. ఈ రెండు జిల్లాలూ ఇద్దరు కుర్రాళ్లను దేశానికి ఇచ్చాయి. ఒకరు చూపు లేని పిల్లలకు సైన్సు తరగతి గది తలుపులు తెరిపించారు. మరొకరు గలగలమనే బంతితో ప్రపంచకప్‌లు తెచ్చారు. వాళ్ల ప్రతిభ గురించి చాలామందికి తెలుసు. వాళ్ల వెనక ఎంతమంది నిలబడితే అది సాధ్యమైందన్నదే అసలు తెలుసుకోవాల్సిన సంగతి.

వెనక బెంచీలో కూర్చోబెట్టారు

మచిలీపట్నం దగ్గర సీతారామపురం. 1991లో అక్కడో రైతు ఇంట్లో పుట్టాడు బొల్లా శ్రీకాంత్. పుట్టుకతోనే చూపు లేదు. 'ఈ బిడ్డ మీకు భారం, వదిలించుకోండి' అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారట. అమ్మానాన్నలకు పెద్ద చదువుల్లేవు. కానీ ఆ మాట మాత్రం వినలేదు. ఆరేళ్ల వయసులో ఊరి బడికి పంపారు. అన్న చెయ్యి పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి వెళ్తే వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. ఆటలకు పిలిచేవారు కాదు. పక్కన కూర్చుని మాట్లాడే పిల్లాడు కూడా ఉండేవాడు కాదు.

హైదరాబాద్‌లో చూపు లేని పిల్లల కోసం ప్రత్యేకంగా ఓ బడి ఉందని కుటుంబానికి తెలిసింది. అదే దేవనార్ అంధుల పాఠశాల. కంటి వైద్యుడు డాక్టర్ సాయిబాబా గౌడ్ స్థాపించారు దాన్ని. మందుకూ ఆపరేషన్‌కూ లొంగని కళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు ఓ వైద్యుడు ఇచ్చిన జవాబు ఆ బడి. ఎనిమిదేళ్ల కొడుకును నాన్న సుమారు నాలుగొందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి అక్కడ చేర్చాడు. కొత్తలో పిల్లాడికి బెంగ. పారిపోవాలని చూస్తే బాబాయి పట్టుకుని, ఇంటికొచ్చి ఏం చేస్తావని అడిగాడట. ఆ తర్వాత కుదురుకున్నాడు. ఈత నేర్చుకున్నాడు. చదరంగం, క్రికెట్ ఆడాడు. పదో తరగతిలో 90 శాతం పైనే మార్కులు తెచ్చుకున్నాడు.

అక్కడే అడ్డుపడింది అసలు గోడ. 2006లో సంగతి ఇది. ఇంటర్‌లో సైన్సు, లెక్కలు తీసుకుంటానంటే కుదరదన్నారు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి కాబట్టి చూపు లేనివాళ్లు చదవలేరన్నది అప్పటి రాష్ట్ర బోర్డు నిబంధన. సాహిత్యమో చరిత్రో చదువుకోవచ్చు, అంతే! మరో బోర్డు బడుల్లో ఇదే సైన్సుకు అభ్యంతరం లేదు. అంటే అడ్డం పడింది కళ్లు కావు, కాగితం మీది ఓ వాక్యం.

పదిహేనేళ్ల కుర్రాడు ఒంటరిగా ఆ వాక్యాన్ని కొట్టేయించలేడు. బడిలో పాఠాలు చెప్పే ఓ టీచరమ్మ ముందుకొచ్చింది. ఇద్దరూ కలిసి బోర్డు అధికారుల చుట్టూ తిరిగారు. పని కాలేదు. ఓ న్యాయవాది సాయంతో, బడి యాజమాన్యం అండతో హైకోర్టు మెట్లెక్కారు. తీర్పు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడమెందుకని హైదరాబాద్‌లోని చిన్మయ విద్యాలయ సైన్సులో చేర్చుకుంది. తరగతి మొత్తంలో చూపు లేనిది తనొక్కడికే. అయినా వెనక బెంచీ అనుభవం మళ్లీ ఎదురుకాలేదు. అతను వేలితో తడిమి తెలుసుకునేలా బొమ్మలు గీయడం ఎలాగో టీచరు ప్రత్యేకంగా నేర్చుకున్నారు. ఒక పిల్లాడి కోసం టీచరు తానే విద్యార్థి కావడం మామూలు విషయం కాదు!

ఆర్నెల్లకు తీర్పు వచ్చింది. చూపు లేని విద్యార్థులు రాష్ట్ర బోర్డు కాలేజీల్లో సైన్సు, లెక్కలు చదవొచ్చని కోర్టు చెప్పింది. శ్రీకాంత్ తిరిగి రాష్ట్ర బోర్డుకే వచ్చి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. మార్కుల సంగతి సరే, ఆ తీర్పు అతనొక్కడిది కాదు. తర్వాత చేరాలనుకున్న ప్రతి పిల్లాడిదీ, ప్రతి పిల్లదీ.

ఐఐటీ కోచింగ్ సంస్థలు మాత్రం చేర్చుకోలేదు. దాంతో అమెరికా యూనివర్సిటీలకు దరఖాస్తు చేస్తే అయిదు చోట్ల సీటొచ్చింది. ప్రఖ్యాత ఎంఐటీని ఎంచుకున్నాడు. విదేశాల నుంచి అక్కడ చేరిన తొలి అంధ విద్యార్థి ఇతనే. చదువయ్యాక అక్కడే ఉండిపోలేదు. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. తమలపాకులోకి వాడే వక్క చెట్టు ఉంది కదా, దాని మట్టలతో కంచాలు, కప్పులు, ఇంకా ప్యాకింగ్ సామగ్రి తయారుచేసే సంస్థ అది. వికలాంగులకు ఉద్యోగాలివ్వడం దాని ప్రధాన ఉద్దేశం. రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టారు. 2024 మేలో హిందీలో 'శ్రీకాంత్' సినిమా వచ్చాక ఆయన కథ ఇంటింటికీ తెలిసింది. సినిమా చూసినవాళ్లకు హీరో గుర్తుండిపోయాడు. ఆ లాయరూ, బొమ్మలు గీయడం నేర్చుకున్న టీచరూ కూడా గుర్తుండాల్సినవాళ్లే.

ఇలాంటి గోడలు కూలడానికి కోర్టులే దిక్కవుతున్నాయి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు మరో మాట స్పష్టం చేసింది... చూపు లేదన్న కారణంతో ఎవరినీ న్యాయమూర్తుల ఉద్యోగాలకు అనర్హుల్ని చేయకూడదని. కట్టా సింహాచలం అప్పటికే ఐఏఎస్ అధికారిగా పాలన చేసి చూపిస్తున్నారు కూడా!

రెడీ... యస్... ప్లే!

నదికి ఇవతలి కథ ఇల్లూరి అజయ్‌కుమార్‌రెడ్డిది. పల్నాడు కుర్రాడు. చిన్నప్పుడు తగిలిన దెబ్బతో ఓ కన్ను పోయింది, రెండోదీ దెబ్బతింది. నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చేరాక క్రికెట్ పిచ్చి పట్టింది.

ఈ క్రికెట్ ఎలా ఆడతారో చూసితీరాలి. బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న ఇనుప గుళ్లుంటాయి. దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలరు చెయ్యి పైకెత్తి విసరడు, కిందినుంచి నేల మీదుగా వేస్తాడు. వేసేముందు 'రెడీ?' అని అడగాలి. బ్యాట్స్‌మన్ 'యస్' అనాలి. అప్పుడు 'ప్లే' అంటూ బంతి వదలాలి. జట్టులో అందరి చూపూ ఒకేలా ఉండదు. బొత్తిగా కనిపించనివాళ్లు కనీసం నలుగురుండాలి. మిగతావాళ్లు కొద్దో గొప్పో కనిపించేవాళ్లు. బొత్తిగా చూపులేని ఆటగాడు ఒక పరుగు తీస్తే రెండు లెక్క. ఇక ప్రేక్షకులు... బంతి కదులుతున్నంతసేపూ నోరు మెదపకూడదు. మన ఊళ్లలో క్రికెట్ చూసేవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టమైన నిబంధన!

1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇద్దరు అంధ కార్మికులు రేకు డబ్బాలో రాళ్లు పోసి ఆడుకోవడంతో మొదలైంది ఈ ఆట. అజయ్ సారథ్యంలో మన జట్టు 2017లో టీ20 ప్రపంచకప్పు, 2018లో షార్జాలో పాకిస్థాన్‌ను ఓడించి వన్డే ప్రపంచకప్పు, 2022లో మళ్లీ టీ20 కప్పు గెలిచింది. ఆ చివరి ఫైనల్లో అజయ్ సెంచరీ కొట్టారు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు వరించింది. 2025 నవంబరులో అమ్మాయిలూ తక్కువ తినలేదు. కొలంబోలో నేపాల్‌ను ఓడించి తొట్టతొలి అంధ మహిళల టీ20 ప్రపంచకప్పు పట్టుకొచ్చారు. ఆ జట్టులో పాడేరు మన్యం నుంచి వెళ్లిన పాంగి కరుణకుమారి కూడా ఉంది.

కప్పు గెలిచిన రోజు సన్మానాలకు కొదవుండదు. కానీ ఆట పట్ల ఇష్టం పుట్టేది బడిలో. ఆ బడి ఉందని తెలియక ఇంట్లోనే ఉండిపోయే పిల్లల సంగతే ఇప్పుడు అడగాల్సింది.

'కిటికీ'కి ఆరు గళ్లు

బడిలో మొదట నేర్పేది బ్రెయిలీ. మూడేళ్లప్పుడు నాన్న తోలుపనిముట్టు తగిలి చూపు పోగొట్టుకున్న ఫ్రెంచి కుర్రాడు లూయీ బ్రెయిలీ పదిహేనేళ్లకే దీని రూపురేఖలు సిద్ధం చేశాడు. 1829లో పుస్తకంగా వచ్చింది. ఆరంటే ఆరే చుక్కలు. వాటి కలయికతో 63 గుర్తులు. మన దేశంలో భాషకో పద్ధతి లేకుండా 1951లో భారతీ బ్రెయిలీ ఖరారైంది. తెలుగు 'క'కూ హిందీ 'క'కూ అందులో ఒకే గుర్తు.

మనం తలకట్టు, గుడి, కొమ్ము అంటూ కష్టపడి నేర్చుకున్న గుణింతం అక్కడ సులువు. 'కి' రాయాలంటే 'క' రాసి పక్కన 'ఇ' రాస్తారు. 'కిటికీ' అంటే క, ఇ, ట, ఇ, క, ఈ... ఆరు గళ్లు. అందుకే బ్రెయిలీ పుస్తకాలు అంత లావు. ఒక పాఠ్యపుస్తకం కాస్తా కొన్ని సంపుటాలవుతుంది.

ఆ బరువును ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు తగ్గిస్తున్నాయి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే 'ఎన్‌వీడీఏ' సాఫ్ట్‌వేర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు తయారుచేశారు. పైసా తీసుకోరు. తెలుగూ చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో 'టాక్‌బ్యాక్' అప్పటికే ఉంటుంది, సెట్టింగుల్లోకెళ్లి తెరవడమే. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే పది నిమిషాల్లో నేర్పేస్తారు. నోట్ల తంటా మరొకటి. కొత్త నోట్లు చిన్నవై, వేలితో కొలిచి పోల్చుకోవడం కష్టమైంది. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు పెడితే ఎంత నోటో చెబుతుంది. నెట్ అక్కర్లేదు.

ముందుగా తెలిస్తే...

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. ఆశపెట్టే సంగతేంటంటే, వీటిలో చాలావరకు తప్పించగలిగినవే. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో యాభై దాటినవాళ్ల అంధత్వానికి మూడింట రెండొంతుల కారణం శుక్లాలు! 'వయసైపోయింది, ఇంకేం చూస్తాను' అని అరుగు మీద కూర్చున్న తాతకు అరగంట ఆపరేషన్ సరిపోవచ్చు. తెనాలి, రేపల్లె వైపు వాళ్లకు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ సంస్థ దూరమేమీ కాదు. ఎల్వీ ప్రసాద్‌ను 1980ల్లో స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు కృష్ణా జిల్లావారే. పల్లెటూళ్ల చదువుకున్న కుర్రాళ్లకు ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడే కంటి పరీక్షా కేంద్రాలు పెట్టించిన పద్ధతి ఆయనది.

పిల్లల విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. కంటిపాప తెల్లగా కనిపించినా, బిడ్డ మూడు నెలలొచ్చినా అమ్మ మొహం మీద చూపు నిలపకపోయినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నెలలోపే రెటీనా పరీక్ష చేయించాలి. చీకటి పడితే తడబడే పిల్లాణ్ని 'బద్ధకం' అని తిట్టేముందు రేచీకటేమో చూపించుకోవాలి. మేనరికాలున్న కుటుంబాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

చూపు తిరిగిరాదని తేలితే వైద్యం ముగిసిందే తప్ప బతుకు ముగియలేదు. మొదటి పని సదరం ధ్రువపత్రం. స్లాటు సచివాలయంలో బుక్ చేస్తారు, పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో. 40 శాతం, ఆపైన ఉంటే హక్కులన్నీ దాన్నుంచే మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 2024 జులై నుంచి నెలకు 6 వేల రూపాయలైంది. 2016 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం, అందులో ఒక శాతం చూపు సమస్య ఉన్నవాళ్లకు. మండలంలోని భవిత కేంద్రంలో అడిగితే ఏ బడిలో చేర్చాలో దారి చెబుతారు. పింఛనొస్తోంది కదా అని పిల్లాణ్ని బడికి పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టే కుటుంబాలూ ఉన్నాయి. అది తప్పని చుట్టుపక్కలవాళ్లే చెప్పాలి.

చెయ్యి లాగొద్దు

సాయం చేయాలని అందరికీ ఉంటుంది. తీరే తెలియదు. రోడ్డు దాటుతున్న అంధుడి చెయ్యి పట్టి లాక్కెళ్లిపోతారు చాలామంది. అతను దాటాలనుకున్నాడో లేదో కూడా అడగరు! ముందు మాట్లాడాలి. 'నా మోచెయ్యి పట్టుకోండి' అనాలి. అప్పుడు అరడుగు వెనక నడుస్తూ మీ కదలికను బట్టి మెట్టో గుంటో ఆయనే పసిగడతారు. 'అదిగో అక్కడ' అంటే తెలియదు, 'మీ కుడి పక్కన రెండడుగుల్లో కుర్చీ' అంటే తెలుస్తుంది. పెళ్లిళ్లలో ఇంకో వింత. పక్కనున్న మనిషినడుగుతారు, 'ఈయన కాఫీ తాగుతారా?' అని. పోయింది చూపు, వినికిడి కాదు!

ఇంకో సాయం ఉంది, డబ్బుతో పని లేనిది. పరీక్ష రాసిపెట్టడం. చూపు లేని విద్యార్థి జవాబు చెబుతుంటే పక్కన కూర్చుని రాసేవారిని స్క్రైబ్ అంటారు. గంటకు 20 నిమిషాలు అదనపు సమయమూ ఇస్తారు. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవారి కంటే తక్కువుండాలి. అంటే డిగ్రీ విద్యార్థికి ఇంటర్ చదివే పిల్లలు చాలు. చదివిందంతా నోటికొచ్చినా, స్క్రైబ్ దొరక్క చివరి నిమిషందాకా ఫోన్లు చేసుకునేవాళ్లుంటారు. ఒప్పుకుని ఆ రోజు రానివాళ్లుంటే ఏడాది పోయినట్టే. ప్రశ్నను రెండుసార్లు నింపాదిగా చదవడం, చెప్పింది చెప్పినట్టు రాయడం, సొంత తెలివి కలపకపోవడం... కావాల్సింది ఇంతే. పరీక్షలకు నెల ముందే దగ్గర్లోని అంధుల పాఠశాలలోనో, కాలేజీలోనో పేరు ఇచ్చి రావచ్చు.